మూడు జిల్లాల ఓటరు

2023 నవంబరు 30. పొద్దున తొమ్మిదిన్నరకు నాచారంల మా బూత్ కాడికి పోయిన. వరుసల నా ముందర ఎనిమిది మంది ఉన్నరు. అందుల నలుగురు నా ఈడువాళ్లే. ఒక్కరి పేరు నాకు తెల్వదు, నా పేరు వాళ్లకు తెల్వదు. సంతకం పెట్టిన, వేలికి సిరా రాసిండ్రు, మీట నొక్కిన. పక్కన డబ్బాల చిట్టీ ఏడు సెకండ్లు కనబడి లోపల పడ్డది. బయటికొచ్చిన. పావుగంట పట్టలే. అంతా సాఫీగనే అయింది, కానీ ఇంటికొచ్చి కుర్చీల కూసున్నంక మనసు నిమ్మళం కాలే. ఎవరితోటి మాట్లాడకుండ, ఎవరి ముఖం గుర్తుపట్టకుండ ఓటేసి వచ్చుడేంది?

రాత్రి టీవీల చెప్పిండ్రు. ఉప్పల్‌ల సగానికి జర పైన ఓట్లు పడ్డయట. మాది 5 లక్షల పైన ఓటర్లున్న నియోజకవర్గం. అంటే రెండు లక్షల పైచిలుకు మంది సర్కారు సెలవు ఇచ్చినా ఇంట్లనే కూసున్నరు. ఆ లెక్క నాకు మింగుడు పడది, ఇప్పటికీ పడలే.

మాది ఉప్పల్ కలాన్. ఇప్పుడా పేరు ఎక్కువగ కాగితాల మీదనే కనబడుతది. మా నాయినకు మూసీ పక్కన భూమి ఉండె. ఆ నీళ్లతోటి పచ్చగడ్డి పెంచి, మోపులు గట్టి, పట్నంల బర్లున్నోళ్లకు అమ్మేది. నేను పుట్టినప్పుడు మా ఊరు హైదరాబాద్ జిల్లాల ఉండె. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా అన్నరు. 2016 దసరాకు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా అన్నరు. ఊరు కదలలే, నేను కదలలే. ఉప్పల్‌ నుంచి నాచారానికి ఇల్లు మార్చుడు తప్ప నేను యాడికీ పోలే. అయినా మూడు జిల్లాల ఓటరునైన.

మా రోజుల్ల ఓటు హక్కు రావాల్నంటే 21 ఏండ్లు నిండాలె. 18 ఏండ్లకు ఇచ్చే సవరణ 1988ల పాసైంది, అప్పటికి నాకు పిల్లలు బడికి పోతున్నరు. నా మొదటి ఓటు 1971 మార్చిల, లోక్‌సభకు. ముందు రాత్రి ఇంట్ల ఎవరం సరిగ పండుకోలే. మా అమ్మ పొద్దు పొడవకముందే వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గేసింది. పండుగకు తీసే చీర తీసింది. నాయిన తెల్ల ధోతి కట్టిండు. గల్లీల అందరం ఒక్కటే గుంపుగ బయలెల్లినం, ఎవరికి ఎవరం ఓటేస్తున్నమో చెప్పుకోకుండనే. బూత్ కాడ సాకలోళ్లు, మంగలోళ్లు, గొల్లోళ్లు, దొర ఇంటోళ్లు ఒక్క వరుసల నిలబడ్డరు. ఏడాదిల ఇంకో రోజు అట్ల నిలబడుడు నేను చూడలే. వరుసల మా నాయిన వెనుక ఊరి సుంకరి ఉండె. ఆ ఒక్క రోజు మా నాయిన ఆయనను “అన్నా” అని పిలిచిండు.

మా అమ్మకు ఆ ఓటంటే ఎందుకంత పట్టుదలో తర్వాత తెలిసింది. 1952ల మొదటి ఎన్నికలప్పుడు జాబితా రాసేటోళ్లు ఇంటికొస్తే, ఆడోళ్లు తమ పేరు చెప్పకపోయేది. ఫలానా ఆయన పెండ్లాం, ఫలానా పిల్లగాని తల్లి అని రాయించేది. అట్ల రాసిన పేర్లు చెల్లవని దేశమంత దగ్గర దగ్గర 28 లక్షల మంది ఆడోళ్లను జాబితాల నుంచి తీసేసిండ్రు. మా అమ్మ పేరు అందుల పోయింది. 1957కు మళ్ల వచ్చినప్పుడు ఆమె తలుపు కాడ నిలబడి తన పేరు తానే గట్టిగ చెప్పిందట, మామ ముందటనే. అప్పట్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా, డబ్బా మీద గుర్తు. చదువురానోళ్లు గుర్తు చూసి కాగితం అందుల వేసేది. కాంగ్రెస్‌ది కాడెడ్ల జత. మా అమ్మ చనిపోయేదాక కాంగ్రెస్‌ను “ఎడ్ల పార్టీ” అనే అన్నది. నడుమ ఆవు–దూడ వచ్చింది, 1978ల హస్తం వచ్చింది, ఆమె మాట మారలే.

అప్పట్ల అంతా మంచిగనే ఉండె అని నేను అనను. పటేల్ ఇంటి అరుగు మీద ముందు రోజే మాట ఖాయమయ్యేది. ఫలానా గుర్తు అని పటేల్ అంటే వాడలకు వాడలు అటే ఒరిగేది. కాదన్నోనికి తెల్లారి నీళ్ల కాడనో, కల్లం కాడనో కష్టం వచ్చేది. దళితవాడల వాళ్లకైతే ఇంకా ఎక్కువ. 1984ల ఎన్టీఆర్ పటేల్, పట్వారీ పదవులు తీసేసినప్పుడు మా ఊర్ల బాధపడ్డోళ్లు కొందరే, ఊపిరి పీల్చుకున్నోళ్లు శానా మంది. ఆ పని మంచిది. నేను అప్పుడు మెచ్చుకున్న, ఇప్పుడూ మెచ్చుకుంట.

నా మొదటి ఓటుకు ఇంకో కథ ఉంది. 1969ల తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నరు. 1971ల తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతంల 14 లోక్‌సభ స్థానాలల్ల 10 గెలిచింది. మేం సంబురం చేసుకున్నం. ఆ ఏడాది సెప్టెంబరుల ఆ పార్టీ పోయి కాంగ్రెస్‌ల కలిసిపోయింది, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయిండు. ఆరు నెలలు, అంతే. ఓటేసినంక నాయకులు గోడ దూకుతరని ఇప్పటి పిల్లలు నాకు చెప్తుంటే, ఆ దెబ్బ నాకు మొదటి ఓటుకే తగిలిందని వాళ్లకు చెప్త. కానీ ఆ దెబ్బ తిన్నంక కూడ 1972ల మేం ఇంట్ల కూసోలే. కోపం ఉంటే కోపంతోటే పోయి ఓటేసినం.

ఊరి చుట్టూ మనుషులు పెరిగింది కూడ ఆ ఏండ్లల్లనే. 1967ల ఈసీఐఎల్ వచ్చింది, తర్వాత అణు ఇంధన కేంద్రం వచ్చింది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లిల ఫ్యాక్టరీ షెడ్లు లేచినయి. హబ్సిగూడల సైన్స్ సంస్థలు, ఉప్పల్‌ల సర్వే ఆఫ్ ఇండియా. కృష్ణా, గుంటూరు, శ్రీకాకుళం నుంచి, కేరళ నుంచి, బిహార్ నుంచి మనుషులొచ్చిండ్రు. నేను నాచారంల ఒక ఫ్యాక్టరీల ఫిట్టర్‌గ చేరిన. ఎన్నికలొస్తే అభ్యర్థులు షిఫ్టు మారే టైముకు గేటు కాడికే వచ్చేది. మా యూనియనోళ్లు వాళ్లను ఆపి అడిగేది: ఈఎస్ఐ దవాఖానల మందులు ఎందుకు లేవు, బస్సు ఎందుకు తగ్గించిండ్రు, బోనస్ సంగతేంది? జవాబు చెప్పక తప్పేది కాదు. రెండొందల మంది చేతుల టిఫిన్ డబ్బాలు పట్టుకొని చుట్టూ నిలబడితే ఎవరైనా కారు ఎక్కి పోతరా? మలయాళం మాట్లాడేటోడు, తెలుగు మాట్లాడేటోడు, ఉర్దూ మాట్లాడేటోడు ఒక్క చెట్టు కింద ఎవరికెయ్యాల్నో కొట్లాడుకొని, మళ్ల ఒక్క డబ్బాల బువ్వ తినేటోళ్లం.

1983 జనవరి సంగతి చెప్పకుంటే నాచారపోళ్లు ఊరుకోరు. ఎన్టీఆర్ స్టూడియో ఇక్కడనే ఉండె గదా. ఆయన పార్టీ పెట్టి తొమ్మిది నెలలు నిండి రెండు వారాలు కాకముందే సర్కారు వచ్చింది. షూటింగ్ చూడటానికి ప్రహరీ ఎక్కిన పిల్లలు, ముఖ్యమంత్రి మా ఏరియా మనిషే అని చెప్పుకున్నరు. అప్పుడు మా గల్లీల ఒక్కొక్క ఇంట్ల రెండు పార్టీలు. తండ్రి హస్తం, కొడుకు సైకిల్. మాట మాట పెరిగి కంచం ముందటి నుంచి లేచిపోయినోళ్లు ఉన్నరు. అది మంచిదని కాదు, కానీ పట్టింపు ఉండె.

గోడలకు రాతలు, రాత్రి రెండింటిదాక మైకులు, సారా ప్యాకెట్లు, అవి పోవుడు మంచిగయింది. టి.ఎన్. శేషన్ వచ్చి నియమాలు ఉన్నవి అమలు చేయడానికేనని చూపెట్టిండు. ఫోటో కార్డు ఆయన కాలంల మొదలైంది. 2004కు యంత్రం వచ్చింది, చెల్లని ఓట్ల బాధ పోయింది. ఇవన్నీ నేను కాదనను. నా కోపం యంత్రం మీద కాదు.

నా కోపం 2008 నుంచి మొదలైంది. అప్పటిదాక ఉప్పల్ పేరు మీద అసెంబ్లీ స్థానం లేదు. నియోజకవర్గాల పునర్విభజనల 47వ నంబరుతోటి మాకు సొంత స్థానం వచ్చింది. అంతకు ఏడాది ముందే, 2007 ఏప్రిల్ 16న, మా ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు పోయి గ్రేటర్ హైదరాబాద్‌ల కలిసినయి. అసెంబ్లీల మా పేరు వినబడుతదని నేను మొదట్ల ఎంత సంబురపడ్డనో! 2009 ఏప్రిల్‌ల బండారి రాజిరెడ్డి కాంగ్రెస్ నుంచి గెలిచి మా మొదటి ఎమ్మెల్యే అయిండు. 2014ల తెలంగాణ వచ్చిన ఊపుల రాష్ట్రమంత టీఆర్ఎస్ అంటుంటే, మా ఉప్పల్ మాత్రం బీజేపీ ఎన్.వి.ఎస్.ఎస్. ప్రభాకర్‌ను 14 వేల పైన మెజారిటీతోటి పంపింది. ఆ ఏడు బీజేపీ తెలంగాణల గెలిచినవి ఐదే, అందుల మాదొకటి. 2018 డిసెంబరుల టీఆర్ఎస్ బేతి సుభాష్‌రెడ్డి 48 వేల పైన ఆధిక్యంతోటి గెలిచిండు. 2023ల అదే పార్టీ, బీఆర్ఎస్ అయినంక, ఆయనకు టికెట్ ఇయ్యలే, బండారి లక్ష్మారెడ్డికి ఇచ్చింది. ఆయన 49 వేల పైన గెలిచిండు. రాష్ట్రంల సర్కారేమో కాంగ్రెస్‌కు పోయింది.

నాలుగు ఎన్నికలు, నలుగురు మనుషులు. ఒక్కరు రెండోసారి గెలవలే. దీన్ని జనం చైతన్యం అని పేపర్లల్ల రాస్తరు. నాకట్ల అనిపియ్యదు. 5 లక్షల మందిల ఎమ్మెల్యే ఎంతమందిని కలుస్తడు? రోజుకు వంద మందిని కలిసినా ఐదేండ్లల్ల అందరినీ కలువలేడు. మనిషిని ఎరుగకుంటే మెచ్చుకునుడు లేదు, తిట్టుడు లేదు. గాలి ఎటుంటే అటు ఓటు. భద్రాచలంల ఓటర్లు లక్షన్నర లోపు, శేరిలింగంపల్లిల 7 లక్షల పైన. రెండింటికీ ఒక్కొక్క ఎమ్మెల్యేనే. ఇదెక్కడి న్యాయం? 2014 పునర్విభజన చట్టంల తెలంగాణ స్థానాలు 119 నుంచి 153కు పెంచాల్నని రాసి ఉంది. పదేండ్లు దాటింది, అమలు కాలే. దీని మీద ఏ పార్టీ అయినా మా గల్లీల ఒక్క మీటింగ్ పెట్టిందా?

ఇగ పార్లమెంటు సంగతి. మా ఉప్పల్ ఉన్న మల్కాజిగిరి లోక్‌సభ స్థానం ఓటర్ల లెక్కల దేశంలనే పెద్దది, 2019ల 31 లక్షల పైన. 2009ల సర్వే సత్యనారాయణ, 2014ల మల్లారెడ్డి, 2019ల 10,919 ఓట్ల తేడాతోటి రేవంత్‌రెడ్డి, 2024ల 3 లక్షల 91 వేల ఆధిక్యంతోటి ఈటల రాజేందర్. ఇక్కడ కూడ నాలుగు సార్లకు నలుగురు. అందుల ఒకాయన ముఖ్యమంత్రి అయిండు. ఆయన ఎంపీగ ఉన్న నాలుగేండ్లల్ల మా గల్లీలోళ్లు ఆయనను దగ్గర నుంచి చూసింది పెండ్లిళ్లల్ల, టీవీలల్ల.

మా మనుమడు బ్రిటన్‌ల ఉన్న వేల్స్‌ల చదువుకుంటడు. బ్యాంగర్ పక్కన వంతెన దాటితే ఆంగ్లసీ అనే దీవి, అక్కడి భాషల అనిస్ మోన్ అంటరట. వాని రూము ఆ దీవి మీద. 2024 జులై 5 పొద్దున ఫోన్ చేసి, “తాతా, నిన్న ఇక్కడ ఓటేసిన” అన్నడు. నేను నమ్మలే. కామన్‌వెల్త్ దేశాలోళ్లు అక్కడ నివాసం ఉంటే ఓటెయ్యొచ్చట. బడిల బూత్, కాగితం, దారం కట్టిన పెన్సిలు. “ఎవరు చెప్పిండ్రురా నీకు ఓటుందని?” అంటే, ఒక పార్టీ మనిషి తలుపు తట్టి అడిగిండట, జాబితాల పేరుందా అని.

వాడు ఉప్పల్‌ల 18 నిండినంక ఒక్కసారి ఓటెయ్యలే. 2020ల బల్దియా ఎన్నికలప్పుడు వాడు ఇంట్లనే ఉన్నడు, ఫోన్ చూసుకుంట పండుకున్నడు. నేను అడిగితే, “నాకు ఎవరూ తెల్వదు తాతా” అన్నడు. ఆ దినం వానితోటి నేను మాట్లాడలే.

ఫోన్ పెట్టినంక వాడు పంపిన వివరాలు చదివిన. ఆ దీవికి పార్లమెంటుల ఒక సీటు, ఓటర్లు 55 వేల లోపు. బ్రిటన్‌ల మామూలు సీటు 70 నుంచి 77 వేల నడుమ ఉండాల్నని చట్టం, దీవి అని దీనికి సడలింపు. 1951ల క్లెడ్విన్ హ్యూస్ అనే లేబర్ ఆయన అప్పటిదాక ఉన్న లిబరల్ సభ్యురాలిని ఓడించిండు. ఆ తర్వాత 2024దాక, 73 ఏండ్లు, మళ్ల నిలబడ్డ సభ్యుణ్ని ఆ దీవి ఓడించలే. పార్టీలు మారినయి, లేబర్, కన్జర్వేటివ్, వాళ్ల సొంత వేల్స్ పార్టీ ప్లైడ్ కమ్రీ, అందరికీ ఇచ్చిండ్రు. కానీ సభ్యుడు తనకు తాను తప్పుకున్నప్పుడే మార్చిండ్రు. మా మనుమడు ఓటేసిన దినమే ఆ ఆనవాయితీ తప్పింది, కన్జర్వేటివ్ సభ్యురాలు ఓడి ప్లైడ్ కమ్రీ గెలిచింది. అంత చిన్న జాగాల ప్రతినిధి మనిషిగ తెలుస్తడు. మా ఉప్పల్‌ల పోస్టర్‌గ తెలుస్తడు.

55 వేలంటే మాకు ఎంత? ఒక డివిజన్. గ్రేటర్‌ల 150 డివిజన్లున్నప్పుడు సగటున 50 వేల ఓటర్లు. మా నియోజకవర్గంల పది ఉండె: కాప్రా, ఏఎస్ రావు నగర్, చర్లపల్లి, మీర్‌పేట్ హెచ్‌బీ కాలనీ, మల్లాపూర్, నాచారం, చిలుకానగర్, హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్. 2016ల టీఆర్ఎస్ 99 డివిజన్లు ఊడ్చుకుపోతే, కాంగ్రెస్‌కు పట్నమంతల రెండే దక్కినయి, అందులొకటి మా నాచారం. 2020ల కాంగ్రెస్‌కు మళ్ల రెండే. ఆ రెండూ మావే, ఉప్పల్, ఏఎస్ రావు నగర్. ఈ ముచ్చట నేను ఎవరు కలిసినా చెప్త. జాగా చిన్నగుంటే మా జనం గాలిని ఆపి మనిషిని చూస్తరు అని దీనర్థం. ఆ ఏడు కరోనా అని కాగితం ఓటు పెట్టిండ్రు. స్వస్తిక్ ముద్ర చేతుల పట్టుకున్నప్పుడు నాకు మా నాయిన, మా అమ్మ, 1971 వరుస అన్నీ కండ్ల ముందర తిరిగినయి. ముద్ర కొట్టి, సిరా ఆరేదాక ఊది, మడత పెట్టిన.

కానీ ఆ 2020ల కూడ పట్నం మొత్తం మీద ఓట్లు పడ్డది 46.55 శాతమే. డివిజన్ చిన్నదే గదా, మరి ఎందుకు రాలే? ఈ ప్రశ్న నన్ను వదలలే. సీట్లు 153 చేస్తే అంతా సరి అయితదని నేను ఏండ్ల తరబడి వాదించిన. జాగా చిన్నగైతే ప్రతినిధి తెలుస్తడు, నిజమే. కానీ పక్కింటోడే తెల్వనప్పుడు ప్రతినిధి తెలిసి ఏం లాభం? మా అమ్మ ఓటుకు పోయింది అభ్యర్థి కోసం కాదు, గల్లీ అంత పోతుంటే తాను పోకుండ ఉండలేక పోయింది. ఇప్పుడు గల్లీల పోయేటోడు ఎవడు, ఆగినోడు ఎవడు, ఎవరికి తెలుస్తది? మా అపార్ట్‌మెంటుల 42 ఫ్లాట్లు. లిఫ్టుల నమస్కారం పెడితే తలూపుతరు. ఓటు మాటొస్తే ట్రాఫిక్ అంటరు, స్టేడియం కాడ మ్యాచ్ అంటరు, నారపల్లి ఫ్లైఓవర్ అంటరు. 2018ల దానికి శంకుస్థాపన అయింది, 2024 ప్రచారం కూడ ఆ స్తంభాల కిందనే నడిచింది. అందరూ తిడుతరు. కానీ అభ్యర్థిని ఆపి, మా యూనియనోళ్ల లెక్క చుట్టూ నిలబడి అడిగినోళ్లు ఎంతమంది?

మా ఇంటామె సంగతి ఒకటి చెప్పాలె. 2018 డిసెంబరు 7న ఇద్దరం కలిసి పోయినం. జాబితాల నా పేరుంది, ఆమె పేరు లేదు. కార్డు చూపెట్టింది, ఓటు లేదన్నరు. ఇరవై ఏండ్ల నుంచి అదే ఇల్లు. ఆ దినం పట్నంల శానా మంది ఇదే గోస చెప్పుకున్నరు. ఆమె ఏమనలే, మెట్ల మీద కూసొని నేను ఓటేసి వచ్చేదాక చూసింది. ఆ మెట్ల మీద నాకు మా అమ్మ కనబడ్డది. మరునెలనే ఫారం నింపి, పది సార్లు తిరిగి, 2019 ఏప్రిల్‌కు ఆమె పేరు ఎక్కించిన. జాబితాల పేరు ఉండుడు ఎన్నికల దినం చూసుకునే పని కాదని ఆ నాడు నేర్చుకున్న.

మనుమని ఫోన్ వచ్చిన వారానికి ఆదివారం పొద్దున, మా బూత్ ఓటర్ల జాబితా కాగితాల మీద తీయించి, కండ్లద్దాలు పెట్టుకొని, మొదటి అంతస్తు నుంచి మొదలుపెట్టిన. మూడు తలుపులు తెరుచుకోలే. నాలుగోది ఒక చిన్న పిల్ల తీసింది, ఇరవై, ఇరవై రెండేండ్లుంటయి, చేతిల టీ కప్పు.

“ఎవరు కావాలి అంకుల్?”

“ఎవరూ వద్దు బిడ్డా. పై ఫ్లాట్ తాతను. నీ పేరు జాబితాల ఉందో లేదో చూద్దామని వచ్చిన.”

ఆ పిల్ల కాగితాల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. “నేను ఈ ఊరిదాన్ని కాదు, ఖమ్మం మాది” అన్నది.

“ఈ బిల్డింగుల ఈ ఊరోడు నేనొక్కడినే బిడ్డా. నీ పేరేంది?”

పేరు చెప్పింది, స్పష్టంగ, ఇంటిపేరుతో సహా. జాబితాల లేదు. కుర్చీ తెచ్చి వేసింది, ఫోన్ తీసి ఫారం ఎక్కడుంటదో వెతకబట్టింది. ఇంకా 38 తలుపులు ఉన్నయి.